మంచానికి బిగించిన మెత్త

ఆ వీధిలో ఆమెను అందరూ సీట్లక్క అనే పిలిచేవారు. పద్నాలుగేళ్లు బస్సు సీట్ల వర్క్‌షాపులో కుట్టుమిషను ముందు కూర్చుంది మరి. రెక్సిన్ మీద అరచెయ్యి అలా పోనిచ్చి, లోపల స్పంజి ఎక్కడ కుంగిందో కళ్లు మూసుకుని చెప్పగలదు. కొత్తగా చేరినవాళ్లకు మేస్త్రి మొదట ఆమె చేతి కుట్టు చూపించి, ఆ తర్వాతే సూది ఇచ్చేవాడు.

అలాంటి మనిషి ఏడాదిన్నరగా పదడుగుల గదిలో ఉండిపోయింది. అత్తగారు స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, మూడు నెలల్లో లేచి తిరుగుతుందని డాక్టరు చెప్పాడు. ఆ మూడు నెలలకే సీట్లక్క సెలవు పెట్టింది. పిల్లలు లేరు. భర్త లారీ తోలుతాడు, నెలకు రెండుసార్లు ఇంటికొచ్చి చాప మీద వాలిపోతాడు. మూడు నెలలు ఆరయ్యాయి, ఆరు పద్దెనిమిదయ్యాయి. అత్తగారి కాలు నేల మీద ఆనిందే లేదు. అయినా ఆ ఇంట్లో ఎవరూ ఆ సంగతి పైకి అనలేదు. "నేను లేచాక" అని అత్త, "మీరు లేచాక" అని కోడలు, ఏ మాటెత్తినా అక్కణ్ణుంచే మొదలుపెట్టేవారు. గోడకు సున్నం వేయించడం, ఆడపడుచు ఇంటికి వెళ్లి రావడం, అన్నీ ఆ లేవడం కోసమే ఆగి ఉన్నాయి. వర్క్‌షాపులో ఆమె మిషను మీద గుడ్డ కప్పి, మేస్త్రి ఎవరినీ కూర్చోనివ్వలేదు.

కూరగాయలకు వెళ్లినా సీట్లక్క ఇరవై నిమిషాల్లో పరుగున వచ్చి పడాల్సిందే. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ, దాని మీద నీళ్ల పైపు. ఇక దిండ్ల గొడవ ఉండనే ఉంది. అది ఇనుప మంచం, తల వైపు ఆనుకోవడానికి ఏమీ లేదు. గోడకు దిండ్లు పెట్టి కూర్చోబెడితే అరగంటకల్లా అవి జారిపోయేవి, అత్తగారి జుట్టుకు సున్నం పొడి అంటుకునేది. "అమ్మాయ్, దిండు" అన్న పిలుపు రోజుకు ఎన్నిసార్లో.

ఓ రోజు కింది వాటావాళ్లు విరిగిన బీరువాను మెట్ల కింద పారేశారు. దాని చెక్క తలుపు చూడగానే సీట్లక్క చేతులు దురద పెట్టాయి. అడిగి పైకి మోసుకొచ్చింది. వర్క్‌షాపులో గుండీలు కుట్టే వదినకు కబురు పెడితే, ఆవిడ ఆదివారం పొద్దున సంచీ నిండా స్పంజి ముక్కలు, గుడ్డ తానులో చివర మిగిలిన ముదురు ఎరుపు ముక్క, పిన్నులు కొట్టే గన్ను తెచ్చిచ్చి వెళ్లింది. గన్ను మర్నాటికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.

పొయ్యికీ మంచానికీ మధ్య ఉన్న చోటులో తలుపు పరిచి, మంచం వెడల్పుకు రంపంతో కోసింది. ఒకే మందం ఉన్న స్పంజి ముక్కలు ఏరి, గమ్ముతో పక్కపక్కనే అంటించింది. అతుకులు చేతికి తెలియకుండా పైన పాత దుప్పటి పరిచింది. గుడ్డ కప్పి, తలుపును బోర్లించి, ముందు నాలుగు వైపులా మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, అక్కణ్ణుంచి మూలలకు లాగుతూ వచ్చింది. అత్తగారు బడిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి, పిల్లల్ని వరసలో నిలబెట్టిన మనిషి. మంచం మీంచే పిన్నుల్ని అదిలించడం మొదలుపెట్టింది, అదుగో ఆ మూడోది వరస తప్పిందని. కోడలు ఆ పిన్ను పీకి మళ్లీ కొట్టింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గదిలో నవ్వు వినపడి చాలా రోజులైంది.

సాయంత్రానికి ఆ తలుపు చెక్క వెనక రెండు చెక్కపట్టీలు వేసి, మంచం కోళ్లకు నాలుగు బోల్టులతో బిగించింది. అత్తగార్ని మెల్లగా వెనక్కి ఆనించింది. ముసలావిడ వీపు కదిపి చూసుకుని, గుడ్డ నిమిరి, ఇది ఎన్నాళ్లు మన్నుతుందని అడిగింది.

"పదేళ్లైనా చెక్కు చెదరదు అత్తయ్యా" అంది సీట్లక్క పనితనం మురిపెంలో.

అత్తగారి చెయ్యి ఆగిపోయింది. "పదేళ్లా? అంటే నేనింక లేవననే కదే" అని, "తీసెయ్" అంది.

సీట్లక్క స్పానరు తీసుకుంది. ఒక బోల్టు వదులు చేసింది, రెండోది చేసింది. మూడోదానికి చేతులు రాలేదు. మంచం కోడు పట్టుకుని నేల మీదే కూలబడింది. ఆ పదేళ్లు తనవి కూడాను.

"మేస్త్రి ఇంకా నా మిషను ఎవరికీ ఇవ్వలేదు" అంది. "మీరు లేస్తే వెళ్దామని చూస్తున్నా."

అత్తగారు కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "లేవలేనని నాకు మొదటి ఏడే తెలిసిపోయింది. పెద్దాసుపత్రి డాక్టరు నీకు చెప్పబోతే, నేనే చెప్తాలెండి అన్నా. తెలిస్తే నువ్వెక్కడ వెళ్లిపోతావోనని నోరు మూసుకున్నా."

 సీట్లక్క లేచి, వదులు చేసిన బోల్టులు రెండూ మళ్లీ బిగించింది. కోపమంతా స్పానరు మీద చూపించింది. మర్నాడు వదినకు గన్ను తిరిగి ఇచ్చేటప్పుడు, ఇక తన కోసం చూడొద్దని మేస్త్రికి చెప్పమంది. వారం తిరక్కుండా ఆ మిషను ముందు కొత్త మనిషి కూర్చుంది.

రెండు రోజులు అన్నం పెట్టింది, ఒళ్లు తుడిచింది, మాట్లాడలేదు. మూడో రోజు జడ వేస్తుంటే అత్తగారే నోరు విప్పింది. కోడలు మళ్లీ ఏదో పనికి వెళ్లేందుకు వీలుగా, పొద్దుటి పూట తన దగ్గర కూర్చునే మనిషిని ఎవరినైనా చూడమంది, బడిలో తనతో పనిచేసిన ఆయాలు ఒకరిద్దరు ఇంకా ఉన్నారేమో కనుక్కోమంది.  ఆ మధ్యాహ్నం అత్తగారు ఎరుపు మెత్తకు ఆనుకుని కునుకు తీస్తుండగా, సీట్లక్క చెప్పులేసుకుని బడిదాకా వెళ్లి వచ్చింది. ఒకావిడ ఊరు మారిందట, ఇంకొకావిడకు మోకాళ్ల నొప్పులట. ఇప్పటికి ఎవరూ దొరకలేదు. దారిలో కనపడిన వాళ్లనల్లా అడుగుతూనే ఉంది.