కదలకండి మాస్టారు తెచ్చిన చిలుక

ఆ వీధిలో కటింగ్ షాపు ఆయనకు సొంత పేరు ఉండే ఉంటుంది గాని దాన్ని వాడినవాళ్ళు లేరు. పాతికేళ్ళుగా కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషితోనూ "కదలకండి" అంటూ వచ్చాడు కనుక కదలకండి మాస్టారు అయి కూర్చున్నాడు. ఆయన దృష్టిలో మనుషులు రెండే రకాలు. మెడకు గుడ్డ చుట్టగానే బొమ్మలా ఉండిపోయేవాళ్ళు మంచివాళ్ళు. తల తిప్పేవాళ్ళు ఎంత చదువుకున్నా, ఎంత పెద్ద ఉద్యోగం చేస్తున్నా ఆయన కంటికి ఆనరు.

ఈ రెండో రకానికి నాయకుడు ఒక బస్సు డ్రైవరు. మాస్టారు ఆయనకు తూనీగ అని పేరు పెట్టుకున్నాడు. రోజంతా స్టీరింగు ముందు బిగుసుకుపోయిన ఒళ్ళేమో, ఇక్కడికి రాగానే కాళ్ళూపుతాడు, మెడ సాగదీస్తాడు, ఇంట్లో తను పెంచే చిలకల ముచ్చట్లు చేతులు తిప్పుతూ చెబుతాడు. ఒకసారి చెవి దగ్గర కాస్త తెగింది కూడా. "చిలకల సంగతి తర్వాత, ముందు మీ తల కాసేపు నాకివ్వండి" అనేవాడు మాస్టారు. ఆ ముచ్చట్లలో ఒక్క ముక్క ఆయన చెవికెక్కితే ఒట్టు.

మాస్టారికి ఎనిమిదేళ్ళ కూతురుంది. ఒకప్పుడు ఆ పిల్ల కూడా తూనీగ జట్టే. కుర్చీ చేతుల మీద అడ్డంగా పీటవేసి కూర్చోబెడితే, జుట్టు కత్తిరించేలోపు పీట నాలుగుసార్లు జారేది. అయితే ఆరు నెలల కింద మేడ మెట్ల మీద పై వాటా వాళ్ళ కుక్క ఆమె మణికట్టు కరిచి పట్టుకుంది. గాయం మానింది, మచ్చ కూడా పల్చబడింది. కాని అప్పటినుంచీ ఆ పిల్ల చేతులు రెండూ తొడల కింద దాచుకుని కూర్చుంటోంది. ఏ ప్రాణినీ ముట్టుకోదు, గెంతదు, గట్టిగా నవ్వదు. పీట మీద కూర్చోబెడితే రెప్ప కూడా వేయదు. మాస్టారు ఇది చూసి లోలోపల మురిసిపోయాడు. "మా అమ్మాయికి ఎంత బుద్ధి వచ్చిందో చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. తండ్రి అన్నవాడికి కళ్ళు ఎక్కడుంటాయో మరి.

ఒక సాయంత్రం ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది. "నాన్నా, చిలక కొరుకుతుందా?"

ఆరు నెలల్లో ఒక ప్రాణి గురించి ఆమె నోరు విప్పడం అదే మొదటిసారి. మాస్టారు ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేశాడు. "కొరకని చిలకను తెస్తానమ్మా." ఇచ్చాక భయం పట్టుకుంది. తెచ్చిన చిలుక ఒక్కసారి కొరికిందంటే ఈ పిల్ల ఇక జన్మలో దేని వైపూ చెయ్యి చాపదు.

షాపు సెలవు రోజున, భార్య పనికి వెళ్ళిపోతే, అత్తగారిని వెంటబెట్టుకుని పక్షుల అంగడికి వెళ్ళాడు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో ఆయాగా చేసిన మనిషి. అల్లుడంటే ప్రేమే, అల్లుడి తెలివితేటల మీదే కాస్త అనుమానం.

అంగట్లో పంజరాలనిండా గోల. అన్నీ ఎగిరేవే, అరిచేవే. ఒక మూల పంజరంలో మాత్రం ఒక నీలం చిలుక ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని గుండ్రంగా కూర్చునుంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. గుడ్డ కప్పిన మంచి కస్టమరు ఇలాగే ఉంటాడు కదా.

"సాధుప్రాణి సార్, ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు" అన్నాడు అంగడాయన.

"నా భయమూ అదే నాయనా" అంది అత్తగారు. అల్లుడి వైపు తిరిగింది. "ఇది సాధువు కాదు బాబూ, జబ్బుమనిషి. ఆ తోక చూడు, ఊపిరి తీసినప్పుడల్లా ఎలా కొట్టుకుంటోందో. మా వార్డులో అరిచేవాళ్ళ దగ్గరికి నిదానంగా వెళ్ళేవాళ్ళం. కిక్కురుమనకుండా పడున్న మంచం దగ్గరికే ముందు పరిగెత్తేవాళ్ళం."

అంగడాయన ఆ పంజరాన్ని ఎండ తగిలే చోటికి మార్చాడు. పశువుల డాక్టరుకు చూపిస్తానని కూడా ఒప్పుకున్నాడు.

"మరెక్కడ దొరుకుతుంది అత్తయ్యా, కొరకనిది?" మాస్టారి గొంతులో నీరసం.

"నీ తల తినేస్తున్నాడంటావే, ఆ డ్రైవరు పెంచుతాడుగా. అడిగితే ఏం పోయింది?"

పోయేది పరువే. అయినా కూతురి కోసం అత్తగారితోపాటు వెళ్ళాడు. తూనీగ ఇంటి వెనక వరండా అంతా వల కట్టి ఉంది. మాస్టారు షాపులో ఎప్పుడూ చూడని విధంగా ఆ మనిషి అక్కడ నెమ్మదిగా, అడుగులో అడుగు వేస్తూ నడిచాడు.

"వేలు అడ్డంగా పెట్టండి మాస్టారూ, చిలక పొట్ట దగ్గర. ఈసారి మీరు కదలకండి."

అత్తగారు కిసుక్కున నవ్వింది. మాస్టారు వేలు పెట్టాడు. ఒక చిలుక తుర్రుమంది. ఇంకోటి మూలకు నక్కి కొయ్యలా బిగుసుకుపోయింది. మాస్టారి చూపు అలవాటు కొద్దీ దానిమీదికే పోయింది.

"అది వద్దు. అది భయంతో కదలడంలేదు, చెయ్యి పెడితే కొరుకుతుంది. ఇదిగో, దీన్ని చూడండి."

పసుపు పచ్చ చిలుక ఒకటి పక్కకు పక్కకు జరుగుతూ వచ్చి మాస్టారి గోరును ముక్కుతో పట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. అది వెనక్కి వెళ్ళి, తల వాల్చి చూసి, మళ్ళీ వచ్చి, తీరిగ్గా వేలెక్కి చొక్కా చేతిలోకి దూరబోయింది.

"మనం చేత్తో తడిమినట్టు అది ముక్కుతో తడుముతుంది. కొరకడం వేరు. భయంలేని ప్రాణే ఇలా కుదురులేకుండా ఉంటుంది మాస్టారూ. భయపడ్డదే బొమ్మలా కూర్చుంటుంది."

 మాస్టారికి పీట మీద రెప్ప వేయకుండా కూర్చున్న కూతురు కనిపించింది. దాన్ని చూసే కదా తను ఆరు నెలలుగా మురిసిపోయాడు. ఆ పసుపు పచ్చ చిలుకనే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం బల్ల మీద పంజరం తలుపు తీసి అందరూ చుట్టూ కూర్చున్నారు. పిల్ల చేతులు తొడల కిందే ఉన్నాయి. చిలుక బయటికి వచ్చి బల్లంతా కొలిచింది, అమ్మమ్మ కళ్ళజోడును ముక్కుతో లాగింది. చాలాసేపటికి పిల్ల ఒక్క వేలు బయటికి తీసింది. చిలుక ఆ వేలును ముక్కుతో పట్టింది. పిల్ల చటుక్కున చెయ్యి లాక్కుంది. మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. అంతా అయిపోయిందనే అనుకున్నాడు.

చిలుక కూడా ఒకడుగు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసింది. పిల్ల కూడా అలాగే తల వాల్చింది. తర్వాత వేలు మళ్ళీ పెట్టింది.

"కొరకడంలేదు నాన్నా. ఎవరా అని చూస్తోంది, అంతే" అంది. చిలుక వేలెక్కగానే భుజాలు ముడుచుకుని, "అమ్మా, గోళ్ళు గిలిగింతలు పెడుతున్నాయి" అని పకపకా నవ్వింది.

తల్లి ఆ నవ్వు విని గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకునే వంకతో కళ్ళు తుడుచుకుంది. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి చెంబెడు నీళ్ళు తాగి, గుండెల మీద బరువు దిగినట్టయి కాసేపు అక్కడే నిలబడ్డాడు.

తర్వాతి సెలవు రోజున కూతురిని షాపుకు తీసుకెళ్ళి పీట మీద కూర్చోబెట్టాడు. చిలుక ఆమె ఒళ్ళో ఉంది. అది గుడ్డ కిందికి దూరినప్పుడల్లా పిల్ల మెలికలు తిరిగింది. పీట జారింది, సరిచేశాడు, మళ్ళీ జారింది. ముందు జుట్టు ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా తెగింది. పాతికేళ్ళలో ఆయన చేతి మీదుగా అంత వంకర కటింగు ఎప్పుడూ జరగలేదు.

ఆ పని మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా ఆయన కదలకమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు.