దానంతటదే ఎక్కిన విండోస్

మంగళవారం, ముసురు. పొద్దున్నే దుప్పటి ఉతికి గదిలోనే ఆరేశాను.

ఈ హిందీ ఊళ్లో, బారిడీహ్ అనే పేటలో ఒక బడి కంప్యూటర్లకు విండోస్ ఎక్కిస్తున్నాను. పెన్‌డ్రైవ్ పెడితే, ఏమీ నొక్కకుండా దానంతటదే ఎక్కాలి. నిన్నటిదాకా ప్రతిదీ సగంలో ఆగిపోయేది. విండోస్ ఎక్కాల్సింది కంప్యూటర్ లోపలి డిస్కులోకి, కానీ అది పెన్‌డ్రైవ్‌నే మొదటి డిస్కు అనుకుంటోందని ఈ రోజు తెలిసింది. పెన్‌డ్రైవ్‌లో ఏ డిస్కుకు ఎక్కించాలో రాసి ఉండే ఫైల్లో ఒక్క అంకె మార్చాను, అన్నీ ఎక్కేశాయి.

ఆ బడి ఊడ్చే నరసమ్మ పిన్ని రోజూ టీ తెచ్చి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది.

"ఇయ్యాల కూడా అవ్వనేదేటి బాబూ?"

"అయిపోయింది పిన్నీ."

"అయితే రేపు రావేటి? సేపల పులుసు తెద్దామనుకున్నాను."

వైర్లు చుట్టుకున్నాను. ఈ ఊళ్లో పని సంగతి కాక నాతో వేరే మాట మాట్లాడేది ఆవిడొక్కతే.

ఇది చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా మొండి కంప్యూటరుంటే చెప్పండి. నాలుగు రోజులు సతాయించేదైతే మరీ మంచిది. పొయ్యి మీద అన్నం పొంగుతోంది, లేచి…