ఎంగిలి విజిల్

కాఫీ డబ్బా మూత తియ్యగానే తుప్పు వాసనా, దాని అడుగున ఎక్కడో మిగిలిపోయిన పాత కాఫీ పొడి వాసనా కలిసి గుప్పుమన్నాయి. అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్లో ఉన్న నాన్న ఇల్లు అమ్మేస్తున్నాం. ఎనభై ఆరేళ్ల మనిషి ఇంకా ఒక్కడే ఆ మెట్లెక్కి దిగుతుంటే చూడడం నా వల్ల కాదని పోట్లాడి మా ఇంటికి తీసుకుపోతున్నాను, అందుకని మూడు వీకెండ్లుగా గ్యారేజీ ఖాళీ చేస్తున్నాను. మా నాన్న చచ్చినా ఏదీ పారేయడు. విరిగిన గొడుగులు, ఎప్పుడో అమ్మేసిన కార్ల తాళాలు, ఏ బోల్టుకీ సరిపోని నట్లు, అన్నీ డబ్బాల్లో భద్రంగా ఉన్నాయి. ఆ కాఫీ డబ్బాలో నట్ల కింద, చిక్కులు పడ్డ తెల్ల తాడుతో, నల్లబడిపోయిన ఇత్తడి విజిల్ ఒకటి కనపడింది. చూడగానే సిమెంటు నేల మీద కూలబడ్డాను. యాభై దాటినదాన్ని, మళ్లీ తొమ్మిదేళ్ల పిల్లనైపోయాను.

అది తాతయ్యది, అంటే నాన్నగారి నాన్నది. ఆయన బందరులో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారు. ఆయన విజిల్ వేస్తే నాలుగు వందల మంది పిల్లలు నిలుచున్నచోట బిగుసుకుపోయేవాళ్లని నాన్న చెప్పేవాడు, అందులో తనూ ఒకడట. ఎనభైల మొదట్లో, మేమింకా అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే రోజుల్లో, ఆయన ఆరు నెలలుందామని మా దగ్గరికి వచ్చారు. పెట్టెలో నాలుగు పంచెలు, రెండు ఆవకాయ జాడీలు, జేబులో ఈ విజిల్. రోజూ పొద్దున్నే స్నానమయ్యాక దాన్ని వేడినీళ్లతో కడిగి, తుడిచి, జేబులో వేసుకునేవారు. ఇంకొకరు ముట్టుకోవడానికి వీల్లేదు. గర్వం కాదు, ఎంగిలి.

ఎంగిలి విషయంలో మా ఇల్లు మా ఇల్లే. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్లు ఎత్తి పోసుకోవాలి. నేను కొరికిన యాపిల్ అమ్మ కూడా తినదు. స్కూల్లో పిల్లలంతా ఒకే సోడా సీసా చేతులు మార్చుకుంటూ తాగుతుంటే నేను దూరంగా నిలబడేదాన్ని, వాళ్లు నన్ను చూసి నవ్వేవాళ్లు. అలాంటి కొంపలో తాతయ్య నోట్లో పెట్టుకున్న వస్తువు ఇంకొకరు నోట్లో పెట్టుకుంటారన్న ఆలోచన ఎవరికైనా వస్తుందా? రాదు. అది గుర్తుపెట్టుకోండి, తరవాత జరిగిందంతా దాని మీదే నడిచింది.

వచ్చిన పదో రోజునే తాతయ్య పరువు తీశారు, నాన్న మాటల్లో. పార్కింగ్ లాట్‌లో కార్ల మధ్య పరుగెత్తుతున్న పిల్లల్ని చూసి ఉండబట్టలేక విజిల్ ఊదారు, నాలుగంతస్తుల కిటికీలూ తెరుచుకున్నాయి, మేనేజర్ వచ్చి తలుపు కొట్టాడు. ఆ సాయంత్రం నాన్న గొంతు తగ్గించి, మనం పరాయి ఊళ్లో ఉన్నాం నాన్నా, తల దించుకుని మన పని మనం చేసుకుపోవాలి అని చెప్పాడు. అంతటి మాస్టారూ సరేనని తలూపి గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ తరవాత ఆయనకి మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. స్కూల్ బస్ దిగేసరికి పంచె మీద నాన్న పాత ఓవర్‌కోటు, నెత్తిన మంకీ క్యాప్‌తో కాచుకుని ఉండేవారు. బిల్డింగ్ వెనక గడ్డిలో చెప్పులు రెండు గోల్ స్తంభాలుగా పెట్టి నాకు ఫుట్‌బాల్ నేర్పారు. మేపుల్ ఆకులు మోకాళ్ల దాకా రాలి ఉండేవి, బంతి వాటిలో పడితే వెతుక్కోవాలి, వెతుకుతూ ఆయన బందరు కబుర్లు చెప్పేవారు. ఆటకి ముందు పిల్లలకి బెల్లం ముక్కా వేయించిన వేరుశెనక్కాయలూ పంచడం, వానలో బురద బంతి తలకి తగిలి హెడ్మాస్టారి తలపాగా ఎగిరిపోవడం. రూల్సు ఒక్కొక్కటే చెప్పేవారు. చెయ్యి తగిలితే విజిల్, ఇది మొదటిది. నేను కావాలనే చేత్తో ముట్టుకుని ఆయన విజిల్ వేస్తే విని పకపకా నవ్వేదాన్ని. మెల్లిగా వేసేవారు, మేనేజర్‌కి వినపడకుండా. టీవీలో ఇక్కడివాళ్లు ఫుట్‌బాల్ అనే, హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట చూపిస్తే, కుస్తీ పోటీకి బంతెందుకే అని ఆయన సందేహం. అసలైన ఆట ఈ దేశంలో ఎక్కడా లేదనే అనుకున్నారు పాపం.

ఉంది. నాన్న పనిచేసే ల్యాబ్‌లో మాన్యువెల్ అని పోర్చుగల్ నుంచి వచ్చినాయన ఉండేవాడు. ఆ ల్యాబ్‌లో నాన్నని భోజనానికి తన బల్ల దగ్గరికి పిలిచిన మనిషి ఆయనొక్కడే. గంట దూరంలో ఉన్న తన ఊళ్లో, తన దేశం వాళ్లంతా కలిసి పెట్టుకున్న టీమ్‌లో ఆయన ఆదివారాలు ఆడేవాడు. జీతాలూ లేవు, టికెట్లూ లేవు, పేపర్లో పేరూ రాదు. ఒకరు బేకరీలో, ఒకరు రేవులో పని చేసుకుని ఆదివారం బూట్లు కట్టుకునేవాళ్లు. మీ నాన్నగారిని తీసుకురా అన్నాడు మాన్యువెల్. ఆ మాట విన్నాక తాతయ్య వారమంతా సరిగ్గా అన్నం తినలేదంటే నమ్మండి.

అక్టోబరు ఆఖరి ఆదివారం. అమ్మ తెల్లారకుండానే లేచి నిమ్మకాయ పులిహోర కలిపింది, బంగాళాదుంపలు వేయించింది, పెరుగన్నంలో తాలింపు వేసి స్టీలు డబ్బాకి టవల్ చుట్టింది. పాన్‌కేక్ పిండితో చేసిన గులాబ్ జామూన్లు కూడా పెట్టింది, ఆ రోజుల్లో అవే మాకు అమృతం. తనకి ఆటంటే గిట్టదని ఇంట్లోనే ఉండిపోయింది. బయలుదేరేముందు నాన్న గుమ్మంలో నిలబడి, విజిల్ ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. తాతయ్య సరే అని లోపలికెళ్లి వచ్చారు. కార్‌లో వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాక ఓవర్‌కోటు జేబు కొంచెం తెరిచి నాకు చూపించారు. తెల్ల తాడు. నేను నోరు మూసుకుని నవ్వాను.

గ్రౌండ్ అంటే గ్రౌండ్ కాదు. మూతపడిన దారం మిల్లు వెనక, నది పక్కన, ఇనప కంచె కట్టిన మైదానం. గోల్ ముందు గడ్డి పోయి ఉత్త మట్టి మిగిలింది. నది మీంచి వచ్చే చల్లగాలిలో అద్దకం రంగుల కంపు, ఇటు డ్రమ్ముల్లో బొగ్గుల మీద కాలుతున్న మాంసం పొగ. చెక్క బెంచీల మీద టోపీల ముసలివాళ్లు. తాతయ్య పంచె చూసి ఒక్కరూ నవ్వలేదు. ఒక ముసలాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు, తాతయ్యకి పోర్చుగీసు రాదు, ఐదు నిమిషాలు గడిచాయో లేదో ఇద్దరూ చేతులతో ఆట గురించి వాదించుకోవడం మొదలెట్టారు. అమెరికా వచ్చాక తాతయ్య తన ఈడు మనిషితో మాట్లాడడం అదే మొదలు. ఆ మొహం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది, పెళ్లికొడుకు మొహం.

ఆట మొదలైంది మొదలు ఆయన చెయ్యి జేబులోకి పోవడం, బయటికి రావడం. ఎవరు ఎవర్ని తోసినా చెయ్యి కదిలేది. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? హాఫ్ టైమ్‌లో ఆటగాళ్లంతా ఒకే సీసాలోంచి నీళ్లు తాగుతుంటే ఆయన మొహం తిప్పుకున్నారు. మేం పులిహోర తింటుండగా, నాన్న మాన్యువెల్‌తో మాట్లాడడానికి అవతలికెళ్లడం చూసి, తాతయ్య విజిల్ తీసి నా అరచేతిలో పెట్టారు.

"నా దగ్గరుంటే ఊదేస్తానే తల్లీ. నువ్వయితే ఊదవు. పట్టుకో," అన్నారు.

తనని తాను నమ్మలేదు ఆయన, నన్ను నమ్మారు.

రెండో సగంలో స్కోరు సమానం. ఆఖరి నిమిషాలు. అవతలి టీమ్ గోల్ ముందు గుంపులో బంతి ఎగిరి వాళ్లవాడి చేతికి తగిలింది. నేను చూశాను. చేతికి తగిలింది, స్పష్టంగా. రిఫరీ విజిల్ వెయ్యలేదు. తాతయ్య లేచి నిలబడ్డారు, బెంచీల మీద అందరూ లేచి నిలబడ్డారు. నేను మాత్రం ఆ చేతినే చూస్తున్నాను. చెయ్యి తగిలితే విజిల్. తాతయ్య గర్వపడతారనుకున్నాను, దేవుడి తోడు, అంతకు మించి నా మనసులో ఏమీ లేదు. విజిల్ నోట్లో పెట్టుకుని, బలంకొద్దీ ఊదాను.

మైదానమంతా ఆగిపోయింది. అప్పుడు కనపడింది నాకు, ఆ చేతికి తగిలిన బంతి జారి వచ్చి మాన్యువెల్ కాళ్ల దగ్గర పడిందని, ఆయన ముందు గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరని. ఆయన విజిల్ విని రిఫరీ ఊదాడనుకుని నిలబడిపోయాడు. కీపర్ నింపాదిగా వంగి బంతి తీసుకున్నాడు. వెంటనే ఇటునుంచి కేకలు మొదలయ్యాయి, రిఫరీ మావైపు నడిచి వస్తున్నాడు, నాన్న పరుగెత్తుకొస్తున్నాడు. ఈలోగా నా గుప్పిట్లోంచి విజిల్ ఎవరో తీసుకున్నారు. చూస్తే తాతయ్య. తాడు తన వేలికి చుట్టుకున్నారు.

"నేనే ఊదాన్రా, అలవాటుకొద్దీ," అన్నారు నాన్నతో.

నాన్న నావైపు కనీసం చూడలేదు. ఎందుకు చూస్తాడు? మా ఇంట్లో ఒకరి ఎంగిలి ఇంకొకరు నోట్లో పెట్టుకోరు. ఆ పట్టింపే నన్ను కాపాడింది. నోరు తెరవలేదు నేను. ఆట సమానంగానే ముగిసింది. అయ్యాక నాన్న తాతయ్యని మైదానం మధ్యకి తీసుకెళ్లి, చెమటతో బురదతో నిలబడ్డ ఆ పదకొండు మంది ముందు సారీ చెప్పించాడు. తాతయ్య డ్రిల్లులో నిలబడినట్టు మడమలు కలిపి, నిటారుగా నిలబడి, అయామ్ సారీ, ఇట్ ఈజ్ మై ఫాల్ట్ అన్నారు. మాన్యువెల్ ఆయన భుజం తట్టాడు. బెంచీ మీది ముసలాయన టోపీ సర్దుకుంటూ అటు తిరిగిపోయాడు.

కార్ దగ్గర నాన్న చెయ్యి చాపాడు. తాతయ్య విజిల్ ఇచ్చేశారు. నాన్న దాన్ని గ్లవ్ బాక్స్‌లో పడేసి మూశాడు. ఇంటికి గంట దారి. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే తాతయ్య నా చెయ్యి తన ఓవర్‌కోటు జేబులో, ఆ ఖాళీ జేబులో పెట్టుకుని కూర్చున్నారు.

తరవాత బిల్డింగ్ వెనక ఆట సాగలేదు, చలి అన్నారు. ఆరు నెలలనుకున్నవారు నాలుగో నెలలోనే టికెట్ మార్పించుకుని వెళ్లిపోయారు. విజిల్ అడగలేదు, నాన్నకి గుర్తు రాలేదు. వెళ్లాక నాకొక నీలం ఏరోగ్రామ్ ఉత్తరం రాశారు. అందులో సగం పేజీ మైదానం బొమ్మ, చుక్కలు, బాణాలు. కింద రాశారు: "ఒకడు తప్పు చేసినా, ఆపితే ఇంకొకడి అవకాశం పోయేటట్టుంటే మంచి రిఫరీ విజిల్ వెయ్యడు. ఆట సాగనిస్తాడు. ఈ రూలు నీకు చెప్పడం మరిచాను, తప్పు నాదే." ఆ విషయం మీద ఆయన అన్నది అంతే. మరుసటేడు ఎండాకాలంలో పోయారు. ఆయన బతికుండగా నేను నాన్నకి నిజం చెప్పలేదు, పోయాక చెప్పడానికి మొహం చెల్లలేదు.

మొన్న వసంతంలో పనిబడి మాన్యువెల్ వాళ్ల ఊరి మీదుగా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. మిల్లు లేదు, మైదానం లేదు, అక్కడో పెద్ద గోడౌను, బారులు తీరిన ట్రక్కులు. మాన్యువెల్ పోయి చాలాకాలమైంది. అమ్మ పోయి ఆరేళ్లు. నా పిల్లలకి ఎంగిలి అన్న మాటే తెలీదు, ఒకరి సీసాలో ఒకరు తాగుతారు, వాళ్లు మిగిల్చింది నేనూ తాగుతాను.

విజిల్ పట్టుకుని వంటింట్లోకెళ్లాను. నాన్న అట్టపెట్టెల మధ్య కూర్చుని టీ తాగుతున్నాడు. చూడగానే గుర్తుపట్టాడు. నేను నిలబడే చెప్పేశాను, ఆ రోజు ఊదింది నేను నాన్నా అని. టీ గ్లాసు కింద పెట్టాడు.

"అంతమంది ముందు ఆయన చేత సారీ చెప్పించానే," అన్నాడు.

ఇలా తే అన్నట్టు చెయ్యి చాపాడు, ఆ రోజు కార్ దగ్గర చాపినట్టే. ఉండు, కడిగిస్తాను అన్నాను. ఈనాటికీ గ్లాసు ఎత్తి పోసుకునే మనిషి, కడగనివ్వలేదు, తుడవను కూడా లేదు. అలాగే నోట్లో పెట్టుకుని ఊదాడు. లోపల ఎన్నేళ్ల తుప్పూ పాత కాఫీ పొడీ పేరుకుని గట్టిపడ్డాయో, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు.