టెంట్‌హౌస్ పేరు కింద రెండు లైన్లు

మద్దిలపాలెంలో బస్ డిపోకి ఎదురుగా ఒక మేడ గది నా ఆఫీసు. మెట్లెక్కే ఓపిక లేక కస్టమర్లు కింద నుంచే ఫోన్ చేస్తారు. చిన్న చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు కట్టి ఇస్తాను. బోర్డు మీద 'డెవలపర్' అని రాయించుకున్నాను గానీ, ఇన్నేళ్ళలో డెవలప్ అయింది నా పొట్ట ఒక్కటేనని మా ఇంట్లో అభిప్రాయం.

గోపాలపట్నంలో టెంట్‌హౌస్ నడిపే ఒకాయన నాకు బావ. చుట్టరికం ఏమీ లేదు. ఈ ఊళ్ళో మొదటి టీకి 'గురూ', రెండో టీకి 'బావ' అయిపోతాం. ఆ లెక్కన ఆయన భార్య నాకు అక్క. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ, చర్చి పండగలకీ పందిళ్ళు వేయడం, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకివ్వడం వాళ్ళ పని.

సైటు కట్టిన రోజు బావ నా పక్క కుర్చీలో కూర్చుని, "పైన నీ ఇంగ్లీషు నువ్వు ఏసుకో. అడుగున మాత్రం నాను సెప్పింది సెప్పినట్టు కొట్టు" అన్నాడు. కొట్టాను: "వానొచ్చినా గాలొచ్చినా నాను వత్తాను. పందిరి సంగతి నాకొదిలీండి. మీరు తొంగోండి."

చివరి మాటని 'పడుకోండి' అని దిద్దబోతే ఒప్పుకోలేదు. "పడుకోండంటే ఆస్పత్రిలో సెప్పినట్టుంటాది. ఉంచీ."

ఉంచాను. మాట ఉంది, మనిషే ఉండలేదు. ఎండాకాలం సీజన్ మధ్యలో గుండె ఆగి పోయాడు.

మా వైపు మనిషి పోతే జంక్షన్లో ఫ్లెక్సీ కట్టడం మర్యాద. పోయినాయన ఫొటో పెద్దది, సంతాపం తెలిపేవాళ్ళ ఫొటోలు కింద వరసగా చిన్నవి. సంతాపం ఎంత ఉన్నా ఫొటో మాత్రం నవ్వుతున్నదే ఇస్తారు. బావ దగ్గర పనిచేసేవాళ్ళు నా గదికి వచ్చి, "జంక్షన్లో కట్టినాం, షాపుకి కట్టినాం, నెట్‌లో కట్టకపోతే ఎలాగ సార్?" అన్నారు. నాకూ న్యాయంగానే తోచింది. సైటు నెత్తి మీద పెట్టాను: "మా ప్రియతమ యజమాని ఇక లేరు. శ్రద్ధాంజలి."

జంక్షన్లో ఫ్లెక్సీ ఎండకి వెలిసి, గాలికి చిరిగి, పెద్దకర్మ అయ్యాక ఎవరి సిమెంటు బస్తాల మీదికో కప్పుగా వెళ్ళిపోతుంది. నెట్‌లో ఫ్లెక్సీకి ఎండా లేదు, గాలీ లేదు.

ఆషాఢం చివర్లో అక్క వచ్చింది. నా మెట్లెక్కి వచ్చిన కస్టమర్ చాలాకాలానికి ఆవిడే. ఫోను నా ముందు పెట్టింది.

"ఇదేటి తమ్ముడూ?"

టెంట్‌హౌస్ కోసం వెతికితే షాపు పేరు వచ్చింది. పేరు కింద చిన్న అక్షరాల్లో రెండు లైన్లు: "మా ప్రియతమ యజమాని ఇక లేరు. శ్రద్ధాంజలి. పెళ్ళి పందిళ్ళు, కుర్చీలు..."

"పెళ్ళి కోసం ఎతికేవోళ్ళకి ముందు సావు కనిపిత్తంది. నిన్న ఒకావిడ ఫోన్ సేసి, 'శుభమా అని పెళ్ళిరాట పాతుకుంటాం, మీ దగ్గర ఎలాగ తీసుకోమంటారు' అని పెట్టీసింది. ఈ శ్రావణం ఆర్డర్లు రాకపోతే షాపు మూసీడమే. ఈ లైన్లు నువ్వే రాసినావా?"

చాలామంది అనుకునేది అదే. మేమూ ఒక వివరణ రాసి పేజీలో లోపలెక్కడో పెడతాం. సెర్చ్ ఇంజన్ దాన్ని చదువుతుంది. నచ్చితే చూపిస్తుంది. లేదంటే పేజీ అంతా తిరగేసి, అడిగినవాడి మాటకి దగ్గరగా ఏ ముక్క కనిపిస్తే దాన్ని తెచ్చి పేరు కింద పెడుతుంది. పెళ్ళిచూపులకి పిల్లకి ఎన్ని జవాబులు నేర్పి కూర్చోబెట్టినా, అవతలివాళ్ళు అడిగే ప్రశ్నని బట్టి ఏదో ఒకటి చెప్పేసినట్టు.

అక్క ముందే శ్రద్ధాంజలి తీసేశాను. లోపల కొత్త వివరణ రాశాను. "శుభకార్యాలకు నమ్మకమైన నీడ." నా మట్టుకు నాకు భలే నచ్చింది.

"మారిపోనాదా?"

"ఆ సెర్చ్ ఇంజన్ మళ్ళీ వచ్చి చూడాలక్కా. అందాకా కిందటిసారి చూసిందే చూపిస్తుంది. రమ్మని కబురు పెట్టాను."

"కుళాయి నీళ్ళ లాగన్నమాట. మనం తిప్పితే రావు, దానికి బుద్ధి పుడితే వత్తాయి."

రోజూ పొద్దున్నే కీబోర్డు మీద పోర్టు నుంచి వచ్చిన నల్ల దుమ్ము తుడిచి, మొదట ఆ షాపు పేరే వెతికేవాణ్ణి. ఇక లేరు. మర్నాడూ ఇక లేరు. 'లేను' అని చెప్పడానికే బావ రోజూ వచ్చి నిలబడుతున్నట్టుండేది. కొన్నాళ్ళకి పక్క కుర్చీ మీద సామాన్లు పెట్టడం మానేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను.

ఒక మధ్యాహ్నం శ్రద్ధాంజలి పోయింది. నా వాక్యాన్ని చూసుకుందామని ఆత్రంగా వంగాను. అదీ లేదు! కుర్చీలు, వంటపాత్రలు, గిన్నెలు వరసగా ఉన్నాయి. నా నమ్మకమైన నీడ కన్నా ఇంజన్‌కి గిన్నెలే నచ్చాయి. బయట జోరుగా వాన. ఊరికే 'వాన పెళ్ళి పందిరి గోపాలపట్నం' అని కొట్టాను.

షాపు పేరు వచ్చింది. కింద: "వానొచ్చినా గాలొచ్చినా నాను వత్తాను. పందిరి సంగతి నాకొదిలీండి. మీరు తొంగోండి."

కారణం నాకు తెలుసు. నేను వాన అని అడిగాను, పేజీ మొత్తంలో వాన అన్న మాట ఉన్నది అక్కడే. ఇది పూటా నేను చేసే పనే. కారణం తెలిసినంత మాత్రాన ఒళ్ళు వినదు. పక్క కుర్చీ వైపు చూడకుండా అక్కకి ఫోన్ చేశాను.

"సదువు" అంది. చదివాను. నా నోట్లోంచి ఆయన యాస వచ్చింది. అవతల షెడ్డులో ఇనప గొట్టాలు దించుతున్న చప్పుడు వినపడింది.

"వత్తానని ఇంకా సెప్తన్నాడా" అంది. "రానోడి మాట ఉంచకూడదు తమ్ముడూ. తీసీ. ఈవేళొద్దులే. రేపు తీసీ."

మర్నాడు నేను తీయబోయేలోగా ఆవిడే ఫోన్ చేసింది. అచ్యుతాపురం నుంచి ఎవరో ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన, కూతురి పెళ్ళి. ముందు మాట్లాడుకున్న టెంట్‌వాడు వానని చూసి చేతులెత్తేశాడట. నెట్‌లో వెతికితే బావ మాట కనిపించిందట. "'వానొచ్చినా వత్తానన్నారు కదండి, ఆయన్నే పంపండి' అన్నాడు."

"మరేం చెప్పావక్కా?"

"పోనాడని సెప్దామనుకున్నాను. నోట్లోంచి రానేదు. వత్తాను అనీసినాను."

పెళ్ళి ముందురోజు సాయంత్రం ఉండబట్టలేక నేనూ అచ్యుతాపురం బస్సెక్కాను. వాన పడుతూనే ఉంది. అక్క కొంగు బిగించి, నీళ్ళతో కిందికి జారిన టార్పాలిన్‌ని పొడుగాటి కర్రతో పైకి పొడుస్తోంది. పొడిచినప్పుడల్లా నీళ్ళు అంచునుంచి దబ్బున కిందపడుతున్నాయి. పెళ్ళిరాటకి మాత్రం దూరంగానే నిలబడింది. పెళ్ళికూతురి తండ్రి గొడుగేసుకుని వచ్చాడు.

"ఆయన రాలేదేటమ్మా?"

అక్క కర్ర దించింది. కుర్రాళ్ళు తాళ్ళు కట్టడం ఆపారు.

"ఆయన ఎండాకాలంలో పోనాడు బాబూ. ఫోన్లో సెప్పలేకపోనాను. అట్టుకెళ్ళిపొమ్మంటే ఇప్పుడే ఇప్పీసి అట్టుకెళ్ళిపోతాం."

ఆయన పసుపు రాసిన రాట వైపు చూశాడు. తర్వాత పైకి, నీళ్ళు నిలవని పందిరి వైపు చూశాడు.

"గాలి ఆ మూల నుంచి వత్తాదమ్మా" అన్నాడు. "అక్కడ ఇంకో గుంజ ఏయించు."

"నాకొదిలీండి" అంది అక్క, కర్ర మళ్ళీ ఎత్తుతూ. "మీరెళ్ళి తొంగోండి."