ఒడిలో దొరసాని వీణ

కాలవలో నెలల తరబడి నానిన కొబ్బరి డొక్కలను ఒడ్డుకు లాగేటప్పుడు ఒక వాసన వస్తుంది. కొత్తవాళ్లయితే ముక్కు మూసుకుంటారు. ఈ ఉదయం బడికి వెళుతుంటే ఆ వాసన తగిలి, మా అత్తగారు రూతమ్మ గుర్తొచ్చారు. నలభై ఏళ్లు ఆ పీచుతో తాళ్లు పేనిన మనిషి. ఆవిడ వేలికొసలు ఎంత మొద్దుబారాయంటే, పొయ్యిలో నిప్పుకణిక చేత్తో తీసి చుట్ట ముట్టించుకునేవారు. ఆ వేళ్లతోనే ఎవరూ నేర్పకుండా గిటారు నేర్చుకున్నారు. మా రాజోలు చుట్టుపక్కల అప్పటికి ఆ వాయిద్యం పేరు కూడా ఎవరికీ తెలియదు, అందరూ దొరసాని వీణ అనేవారు. గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరైనా అంటే, అవును, చెప్పుకుంటున్నాను.

నేను కోడలిగా వచ్చిన ఏడాదే అది జరిగింది. మాది పొలం కూలి చేసుకుంటూ కొత్తగా దేవుని సంఘంలో చేరిన కుటుంబం. అత్తగారు పొద్దున్నే మిషను బంగళా ఊడ్చి, ఆ తర్వాత పీచు పనిలో కూర్చునేవారు. దొరసాని తలుపు తెర వెనక గిటారు వాయించుకుంటుంటే వసారా ఊడుస్తూ వినడమే గాని, ఎలా వాయిస్తారో ఆవిడ ఒక్కనాడూ చూడలేదు. జ్వరాలు తగ్గక దొరసాని, దొరగారు ఓడెక్కి వెళ్లిపోయారు. వెళుతూ గిటారును అత్తగారికి అప్పగించి, వానలు వెళ్లాక వచ్చే కొత్త దొరసానికి ఇవ్వమన్నారు. మా ప్రార్థన పాకలో వాక్యం చెప్పే ఉపదేశిగారికి ఇది నచ్చలేదు.

"దుమ్ము తుడువు రూతమ్మా, అంతే. వాయించబోకు. అది చెడిందంటే మనవాళ్లకి ఇంకేదీ అప్పగించరు," అన్నారాయన.

"ఆయ్, తుడుస్తానండి," అన్నారు అత్తగారు. వాయించనని మాత్రం అనలేదు. ఆ తేడా నాకు చాలా రోజులకి గాని అర్థం కాలేదు.

బంగళా కప్పు కారుతోందని దాన్ని ఇంటికి తెచ్చారు. పట్టుకోవడం ఎలాగో తెలియదు గనుక చేట పెట్టుకున్నట్టు ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, పైనుంచి వేళ్లతో ఒత్తేవారు. మొదట దొరసాని పాట కోసం ఎన్నో రోజులు తంటాలు పడ్డారు. అది ఎంతకీ చిక్కలేదు. మా మామగారు ఆ మోత భరించలేక గట్టు మీదకి వెళ్లి కూర్చునేవారు. నాకూ లోలోపల నవ్వుగానే ఉండేది. ఒకరోజు అత్తగారు విసిగి చేతులు దులుపుకుని, "రాని పాట ఎనకాల ఎంతకాలం పరిగెడతానే? నోటికొచ్చిన పాటే పట్టుకుంటాను," అన్నారు. వరి ఊడ్పుల్లో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆవిడే. ఆ ఊడ్పుల పాటనే ఒక్క తీగ మీద వెతకడం మొదలుపెట్టారు. కళ్లు మూసుకుని ఆ తీగ మీద పాటంతా పలికిస్తే గాని రెండో తీగ ముట్టుకోలేదు. వినేవాళ్లు లేరు, మెచ్చుకునేవాళ్లు అసలే లేరు. అయినా రోజూ పీచు పని అయ్యాక కాళ్లు చేతులు కడుక్కుని కూర్చునేవారు.

ముసురు పట్టిన రోజుల్లో తీగలు పట్టు తప్పి, ఒత్తితే మొండిగా పలికాయి. బిరుసెక్కిన పీచుకి ఏం చేస్తామో ఆవిడ అదే చేశారు. తీగలు విప్పి కుండెడు నీళ్లలో నానేశారు. పీచు నానితే దారికొస్తుంది గాని, అవి జంతువు పేగుతో చేసిన తీగలు. ఉబ్బిన వాటిని మళ్లీ బిగించి, ఆరాక చూద్దాం అనుకునేలోపే రెండు తీగలు ఒకదాని వెనక ఒకటి టప్పున తెగాయి. అత్తగారి ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. బంగళా పని పోతుందన్న భయం కాదది. కూలోళ్ల చేతికిస్తే ఇంతే అన్న మాట తన వల్ల మా అందరి మీదా పడుతుందని ఆవిడ దిగులు. దాచేద్దామని నేనన్నాను. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని మర్నాడే ఉపదేశిగారి దగ్గరికి వెళ్లి, వాయించింది తనే, తెంపింది తనే అని చెప్పేశారు.  ఆయన, ఆ సంగతి కొత్త దొరసానికి నీ నోటితోనే చెప్పుకో అన్నారు.

ఆ వారంలోనే దూదేకుల సాయిబు మా వీధికి వచ్చాడు. పత్తి ఏకుతుంటే అతని వింటి తీగ గుమ్మని మోగింది. అత్తగారు చేతిలో పని వదిలేసి పరిగెత్తారు. అది మేకపేగు తీగేనట. సంగతంతా విని సాయిబు నవ్వి రెండు తీగలిచ్చాడు, వీటికి నీళ్లు మాత్రం చూపించకు తల్లీ అని మరీ మరీ చెప్పాడు. అవి కాస్త లావు, గొంతు కూడా బొంగురు. వాటిని తన పాటకి ఒప్పించడానికి ఆవిడకి నెల పట్టింది.

కొత్త దొరసాని వచ్చిన ఆదివారం పాక నిండిపోయింది. అత్తగారు గిటారును ఆమె ముందు పెట్టి, తీగలు తెగిన వైనం అందరూ వినేలా చెప్పారు. దొరసాని మరలు తిప్పి శ్రుతి మార్చుకుని, గిటారును గుండెకి ఆనించుకుని వాయించింది. ఎంతో బాగుంది. మేమంతా చేతులు కట్టుకుని విన్నాం, కాని ఆ వరస ఎవరికీ రాదు గనుక ఒక్కరూ పాడలేదు. తర్వాత ఆమె గిటారును అత్తగారికి అందించింది. ఆవిడ నింపాదిగా మరలన్నీ మళ్లీ తన పాటకి తిప్పుకున్నారు. ఒడిలో పెట్టుకుని ఊడ్పుల పాట ఎత్తుకున్నారు. వెనక వరసలో ఎవరో ఆడమనిషి ఆ వరసలో మా కీర్తన మాటలు పెట్టి పాడింది. రెండో చరణానికి పాకంతా పాడుతోంది. మూడో చరణానికి ఉపదేశిగారు కూడా గొంతు కలిపారు. నాకు ఏడుపొచ్చింది.

ఎవరు నేర్పారని దొరసాని అడిగింది.

"ఎవరూ నేర్పలేదండి. తప్పు ఒత్తితే అదే చెప్పేదండి," అన్నారు అత్తగారు. ఆ తర్వాత పదేళ్లు, ప్రతి ఆదివారం గిటారు ఆవిడ ఒడిలోనే ఉంది.

చదువు మీద నా ఆశ కనిపెట్టింది కూడా ఆవిడే. ఆడపిల్లలకి బడి లేదు. ఆవిడకి ఒక్క అక్షరం రాదు. అయినా కీర్తనల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నోటికొచ్చిన పాటే పట్టుకో," అన్నారు. కంఠతా వచ్చిన ఒక్క కీర్తన ఏ పుటలో ఉందో అడిగి తెలుసుకుని, పాడుకుంటూ ఒక్కో మాట మీద వేలు పెట్టుకుంటూ అక్షరాలు పోల్చుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. ఈనాటికీ నా బడిలో పిల్లలకి ముందు అచ్చులు దిద్దించను. మీకొచ్చిన పాట పాడండి అంటాను, దాన్నే పలక మీద రాసి చూపిస్తాను.

మొదటిసారి పాకలో నిలబడి వాక్యం చదివిన రోజున పుస్తకం మీంచి వేలు తీయలేదు. చదవడం అయ్యాక ఉపదేశిగారు ఆశ్చర్యపోయి, నీకెవరు నేర్పారమ్మా అన్నారు. మా అత్తగారని చెప్పబోయాను. ఈలోగా ఒడిలో గిటారు పెట్టుకుని కూర్చున్న ఆవిడే తల నిటారుగా ఎత్తి, "ఎవరూ నేర్పలేదండి, మా కోడలే నేర్చుకుంది," అన్నారు. ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.