గుండు అంచున నేను పట్టుకున్న బరువు

దయ్యాల మాటెత్తితే నాకు ఒళ్లు మండేది. సూర్యాపేటలో రేడియోలు బాగుచేసే దుకాణం నాది. తీగ ఎక్కడ తెగిందో కళ్లతో చూస్తే తప్ప నమ్మని మనిషిని. ఎవరైనా దుకాణం ముందు కూర్చుని ఫలానా మలుపు దగ్గర తెల్లచీర కనిపించిందని మొదలుపెడితే, చాయ్ తాగి దయచేయమనేవాణ్ని. ఇప్పటికీ నా స్వభావం పెద్దగా మారలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

ఎనభైల చివర్లో జరిగింది. కాలేజీలో ఉన్నప్పుడు బండలెక్కడం నేర్పే శిబిరానికి వెళ్లి పది రోజులు ఉన్నాను. ఆ పిచ్చి తర్వాత వదల్లేదు. పక్క దుకాణంలో మోటార్‌సైకిళ్లు బాగుచేసే యాదగిరికి కూడా అంటించాను. వాడు కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడు. చిన్నప్పుడే తాడిచెట్లు ఎక్కినవాడికి బండ ఒక లెక్కా? నాలుగు ఆదివారాల్లో నన్ను మించిపోయాడు. లోపల కాస్త కుళ్లుకున్నాను కూడా.

ఆ చలికాలం మూడు రోజులు దుకాణాలు మూసి వాడి పాత బండి మీద బయల్దేరాం. వాడి భార్య ఐదు నెలల పాపను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

“అన్నా, ఈయనది దూకుడు. జర సూస్కో” అంది.

బాధ్యత నాదని నవ్వుతూ చెప్పాను.

మొదటి రోజు హాయిగా గడిచింది. కోదాడ దాకా లారీల వెనక దుమ్ము మింగుతూ పోయాం. అక్కడ మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకుని, అనంతగిరి వైపు ఒక గుట్ట ఎక్కి పైన కూర్చుని తిన్నాం. వేళ్ల చర్మం లేచిపోయి ఉంది, కారం తగిలి భగ్గున మండింది. ఒకరి మొహం చూసి ఒకరం నవ్వుకున్నాం. అంత నిశ్చింతగా నేను మళ్లీ ఎప్పుడూ లేను.

ఆ రాత్రి మిర్యాలగూడలో తెలిసినవాళ్ల ఇంట్లో పడుకుని, మర్నాడు మాడుగులపల్లి వైపు వెళ్లాం. రోడ్డుకు దూరంగా ఒక పెద్ద రాతి గుండు. ముందు పక్క నిట్టనిలువుగా అరవై అడుగులుంటుంది. మధ్యలో రాయి కడుపులా ఉబ్బి ఉండటంతో పైనున్నవాడికి కింద ఎక్కేవాడు కనిపించడు. వెనక పక్కనుంచి మాత్రం నడిచి పైకి పోవచ్చు.

మేం ఎక్కే పద్ధతి ఇదీ. ఒకడు వెనకదారిన పైకి పోయి, అంచు దగ్గర కూర్చుని, కాళ్లు రాయికి తన్నిపెట్టి, తాడును నడుం వెనకనుంచి తిప్పి పట్టుకుంటాడు. కిందివాడు రెండో కొస నడుముకు కట్టుకుని ఎక్కుతాడు. వాడు ఎక్కేకొద్దీ పైవాడు వదులుగా ఉన్న తాడు లాక్కుంటాడు. కిందివాడు జారితే వాడి ప్రాణం పైవాడి చేతుల్లో ఉన్నట్టే. మా తాడు లారీల మీద టార్పాలిన్ బిగించే నైలాన్ తాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెలివికి నన్ను నేనే తిట్టుకుంటాను.

మధ్యాహ్నం మూడు గంటలకు నేను పైన కూర్చున్నాను. యాదగిరి ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దూరం దాకా తాడు సాఫీగా వచ్చింది. తర్వాత కాసేపు కదలలేదు. ఉన్నట్టుండి నా నడుముకు గట్టిగా బిగుసుకుంది.

జారాడనుకున్నాను. పేరుపెట్టి అరిచాను. గాలి హోరుకు జవాబు వినిపించలేదు. లాగి చూస్తే జానెడు పైకి వచ్చి మళ్లీ జారింది. అరచేతులు చీరుకుపోయాయి. వాడి భార్య, చంకలో పాప కళ్లముందు మెదిలారు. ఏడుపొచ్చింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

అప్పుడు నా వెనకనుంచి మాట వినిపించింది.

“ఎవర్ని పట్టుకున్నవ్ రా?”

తిరిగి చూస్తే యాదగిరి. నడుముకు తాడు లేదు.

సగంలో ఒక అరుగు లాంటిది ఉందట. అక్కడ ముడి విప్పేసి, పక్కనుంచి వెనకదారికి వచ్చేశాడట. పైనుంచి తాడు పట్టుకున్నవాడికి చెప్పకుండా ముడి విప్పకూడదని ఎన్నిసార్లు చెప్పానో. వాడి ఇంటి నేర్పు వేరు. చెట్టెక్కేవాడు నడుం చుట్టూ వేసుకునే మోకుతాడు వాడి చేతిలోనే ఉంటుంది. ఇంకొకడు పట్టుకున్న తాడుకు ప్రాణం అప్పగించడం వాడికి మొదటినుంచీ నచ్చలేదు. అరిచి చెప్పాడట, నాకు వినిపించలేదు.

నా చేతుల్లో బరువు అలాగే ఉంది. తాడు ఎక్కడో ఇరుక్కుందేమో అన్నాను. వాడు పక్కకు పోయి, బండ ముందుభాగం మొత్తం కనిపించే చోట నిలబడి చూశాడు. అక్కడినుంచి అరిచాడు.

“కొసకు ఏం లేదురా. ఉత్తగ ఊగుతున్నది. ఇడిసిపెట్టు.”

విడవబోయాను. నిజం చెబుతున్నాను, వేళ్లు ఒక్క క్షణం వదులు చేశాను. బరువు సర్రున జారింది. అది రాయి జారినట్టు లేదు, మనిషి ఉలిక్కిపడినట్టు తాడు అదిరింది. మళ్లీ గట్టిగా పట్టుకున్నాను. మనిషిని దించినట్టే మూర మూర చొప్పున కిందికి వదిలాను. ఇరుక్కున్న తాడైతే వదిలేకొద్దీ వదులైపోవాలి. ఇది చివరిదాకా బిగువుగానే ఉంది. నేల అందేంత తాడు పోయాక బరువు మెల్లగా తేలిపోయింది.

కొస నేలను తాకడం యాదగిరి చూశాడు. అక్కడ ఎవరూ లేరన్నాడు.

కిందికి వచ్చి అక్కడ మేకలు కాస్తున్న ముసలాయనను అడిగాం. ఆ గుండు మీదనుంచి పడి చచ్చినవాళ్లెవరూ తనకు తెలియదన్నాడు. అసలు దాన్ని ఎక్కే పిచ్చివాళ్లను చూడటం ఇదే మొదటిసారి అన్నాడు. ఏదో ఒక కథ చెప్పి ఉంటే దాన్ని కొట్టిపారేసి మనసు కుదుటపరచుకునేవాణ్ని.

మూడో రోజు మేం ఇంకే బండా ఎక్కలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే యాదగిరి దారిలో పక్కన ఆపి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“నేననుకొని పట్టుకున్నవ్, సరే. నేను కాదని తెల్సినంక గూడ ఎందుకు ఇడువలే?”

“ఇడిస్తె పడ్తడు గద” అన్నాను.

ఎవరని వాడు అడగలేదు. కిక్కు కొట్టి బండి ముందుకు పోనిచ్చాడు.