కొట్టేయని పేర్లు

ఖమ్మం బస్టాండు వెనక సందులో, జిరాక్సు దుకాణం మీది మేడలో తుల్సీరాం సారు సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఆ ఆఫీసులో ఫ్యాను కింది కుర్చీ ద్వాలిది. సారు దాన్ని ప్రేమగా ఇచ్చాడనుకునేరు. నెల రోజులు కుస్తీ పట్టినా ఆయనకు లొంగని ప్రోగ్రాం ఆమె చేతిలో దారికొచ్చాక, మారు మాట్లాడకుండా లేచి ఇచ్చాడు.

ద్వాలిది ఏన్కూరు దగ్గరి తండా. ఖమ్మంలోనే ఎంసీఏ చదివి ఖమ్మంలోనే ఉద్యోగం చూసుకుంది. హైదరాబాదు వెళ్లిన తోటివాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా అయ్యో పాపం అనేవాళ్లు. జాలికి కిరాయి కట్టక్కర్లేదు కదా, ఎంతయినా చూపించవచ్చు. ద్వాలి మాత్రం నవ్వి ఊరుకునేది.

అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. భద్రాచలం అవతలి అడవి ఊళ్లలో గర్భిణులను కాన్పుకు ముందే దవాఖానాకు చేర్చాలని ఒక స్వచ్ఛంద సంస్థ పూనుకుంది. ఆశా కార్యకర్తల చేతికి చిన్న ఫోన్లిచ్చింది. వాటిలో గర్భిణుల పేర్లు ఎక్కించే ప్రోగ్రాం రాసే పని తుల్సీరాం ఆఫీసుకు వచ్చింది. అప్పటి ఫోనంటే అగ్గిపెట్టెంత తెర, దాని కింద మీటలు. తెలుగు అక్షరాలు రావు. ద్వాలి ఒక్కో తెలుగు అక్షరాన్నీ బొమ్మలా గీసి తెర మీదికి తెచ్చింది. ఊరి పేరు నొక్కితే పేర్ల వరస, పేరు నొక్కితే ఆ మనిషి వివరం వచ్చేవి.

సారును ముప్పుతిప్పలు పెట్టింది 'వెనక్కి' మీట. ఆయన రాసిన పద్ధతిలో అది నొక్కిన ప్రతిసారీ పాత తెరకు తిరిగి వెళ్లకుండా కొత్త తెర ఒకటి పుట్టుకొచ్చేది. అలా పుట్టిపుట్టి కాసేపటికి ఫోను బిగుసుకుపోయేది. ద్వాలికి తల్లి సోమ్లి మాట గుర్తొచ్చింది. చిన్నప్పుడు తునికాకు కోతకు వెంట తీసుకెళ్తూ చెప్పేది: "అడవిలకు పొయ్యేటప్పుడు కొమ్మ తుంచుకుంట పో. మర్లొచ్చేటప్పుడు ఆఖరున తుంచిందే ముందుగాల కనబడతది." ద్వాలి తెరలకూ అదే నేర్పింది. దాటిన తెరనల్లా గుర్తు పెట్టుకుంటూ వెళ్లడం, ఆఖరి గుర్తు నుంచి వెనక్కి రావడం. ఆ తర్వాత ఫోను ఎక్కడా దారి తప్పలేదు.

ఆమె ఇంకో పని కూడా చేసింది. నెలలు ఎక్కువ నిండినవాళ్లు వరసలో పైకి వచ్చేలా పెట్టింది. పైనున్న కొన్ని పేర్లు, ఒక మెసేజీలో పట్టినన్ని, భద్రాచలం ఆఫీసుకు వెళ్తాయి. జీపు ఆ ఇళ్లకు వెళ్తుంది. కాన్పయినవాళ్ల పేరు తీసేయడానికి ఒక మీట పెట్టింది. పొరపాటున నొక్కితే ఎలాగని, 'నిజంగా తీసేయాలా?' అని ఫోను ఇంకోసారి అడిగేలా రాసింది. ఆ రెండో ప్రశ్న చూసుకుని తెగ మురిసిపోయింది.

ఆషాఢంలో ముసురు పట్టింది. జీపు డ్రైవర్ బాలకృష్ణ ఫోన్ చేశాడు. "మేడమ్, మీ లిస్టుల నిండు నెలలని ఉంటది. పోయి చూస్తే ఆమె పిల్లగానికి పాలిస్తాంది. ఏ ఇంటికి పోయినా గిదే కథ. ఏంది ఇది?"

"వాళ్లకు మీట నొక్కడం రావట్లేదు, మళ్లీ నేర్పించి రా" అన్నాడు తుల్సీరాం. ద్వాలి ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని భద్రాచలం బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో, ఆటో ఆగినచోటి నుంచి బురద. బాలకృష్ణ చెప్పిన ఊళ్ల ఆశా కార్యకర్త నాగక్క ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది.

నాగక్కకు మీటలన్నీ బాగానే వచ్చు. ఫోను తెరిచి టకటకా చూపించింది. పైనున్న పేర్లన్నీ బిడ్డల తల్లులవే. ఒక్కటీ తీసేయలేదు. ఆ పేర్లు దాటి కిందికి, ఇంకా కిందికి వెళ్తే శ్యామల. మొదటి కాన్పు, నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఇల్లు వాగు అవతల. ద్వాలికి అప్పుడు అర్థమైంది. కాన్పయినా వరసలోనే ఉన్నవాళ్లకు నెలలు ఇంకా పెరుగుతున్నట్టే ఫోను లెక్కేసింది. వాళ్లు పైన కూర్చుంటే శ్యామల పేరు మెసేజీలో పట్టలేదు. అలాంటి మనిషి ఒకతె ఉందని భద్రాచలంలో ఎవరికీ తెలియదు.

"అక్కా, కాన్పయినోళ్లను ఎందుకు తీసెయ్యలే?"

నాగక్క ఫోను ఒళ్లో పెట్టుకుంది. "బతికున్న మనిషి పేరు ఎట్ల కొట్టేస్త బిడ్డా? పోయినోళ్ల పేరే కొట్టేస్తం. పచ్చి బాలెంతకు అట్ల చేస్తే కీడు తగలకుండ ఊకుంటదా? పైంగ మీ ఫోన్ రెండుసార్లు అడుగుతది. నిజంగ తీసెయ్యాల్నా అంటది. వద్దు అని నొక్కుతున్న, ప్రతిసారి."

ద్వాలి భద్రాచలం ఆఫీసుకు ఫోన్ చేసి శ్యామల సంగతి చెప్పింది. లిస్టులో లేని ఇంటికి జీపు పంపడం కుదరదన్నాడు అవతలి మనిషి. రేపు పొద్దున జీపు వస్తుంది, లిస్టు సరిచేసి పంపమన్నాడు. వాగు పొంగితే ఆ పైన జీపే రాదు.

సరే, తనే తీసేద్దామని ద్వాలి ఫోను అందుకుంది. మొదటి పేరు మీదికి వెళ్లింది. నాగక్క గుమ్మం వైపు వేలు చూపింది; ఆ పేరుగల మనిషే అక్కడ నిలబడి, చంకలో బిడ్డతో, పట్నం నుంచి వచ్చిన మేడమ్‌ను చూసి నవ్వుతోంది. ఫోను అడిగింది, నిజంగా తీసేయాలా అని. ద్వాలి బొటనవేలు కదల్లేదు. ఇంట్లో బియ్యం లేకపోతే నిండుకున్నాయనే జనం మనం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. గుమ్మం దాటేటప్పుడు పోతానని కాదు, వెళ్లొస్తానంటాం. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఆ ప్రశ్న ఎలా రాసిందో! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ఫోను పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. ఊళ్లో కరెంటు లేదు. బ్యాటరీ అయిపోయేలోగా పని అయిపోవాలి. తీసేసే మీటను తీసి పారేసింది. కొత్త తెర ఒకటి కట్టి దానికి 'తల్లులు' అని పేరు గీసింది. కాన్పయినావిడ పేరు గర్భిణుల వరస నుంచి లేచి ఆ తెరలోకి వెళ్తుంది. మళ్లీ నెల తప్పితే అక్కడి నుంచే తిరిగొస్తుంది. పని ఎంతవరకు వచ్చిందని ఫోన్ చేసిన తుల్సీరాం సంగతి విని గింజుకున్నాడు. "డిలీట్ లేని లిస్టు ఎక్కడన్న ఉంటదా ద్వాలీ?"

"ఈడ ఉంటది సార్" అని ఫోన్ పెట్టేసింది.

వైరు తగిలించి కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. ఈసారి ఫోను 'తల్లుల దగ్గరికి పంపాలా?' అని అడిగింది. నాగక్క ఒక్కో పేరునూ పలుకుతూ నొక్కింది. వరస తగ్గుతూ తగ్గుతూ శ్యామల పైకొచ్చింది. అప్పటికి వానకు ఇంట్లో సిగ్నల్ పోయింది; ఇద్దరూ తడుస్తూ అది దొరికే గుట్ట ఎక్కి మెసేజీ పంపారు.

పొద్దున్నే జీపొచ్చింది. బాలకృష్ణ దేవుడికి దండం పెట్టుకుని బండిని వాగులో దింపాడు. శ్యామలను ఎక్కించుకుని తిరిగొచ్చేసరికి నీళ్లు జీపు తలుపులను తాకుతున్నాయి. మధ్యాహ్నానికి వాగు బాట మీదికి ఎక్కింది. దవాఖానాలో ఆపరేషన్ చేశారు. తల్లీ బిడ్డా దక్కారు.

వానలు తగ్గాక ద్వాలి మళ్లీ ఆ ఊరు వచ్చింది. మిగతా కార్యకర్తల ఫోన్లలోనూ కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. నాగక్క ఇంట్లో శ్యామల బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆమె పేరు మాత్రం నాగక్క తల్లుల దగ్గరికి ఇంకా పంపలేదు. వాగు తగ్గి మనిషి ఇంటికి తిరిగొచ్చాకే అని అన్నాళ్లూ ఆపింది.

"ఇగ నువ్వే నొక్కు" అని ఫోను శ్యామల చేతికిచ్చింది.

శ్యామల భయంభయంగా నొక్కింది. తెర మీది పేరు మాయమైంది. ఆమె చప్పున బిడ్డను దగ్గరికి లాక్కుని, "నేను ఏడికి పోయిన అక్కా?" అంది.

నాగక్క ఫోను తీసుకుని పక్క తెర తెరిచి, వేలు పెట్టి చూపించింది.

"ఏడికి పోలే. ఇగో, ఈడున్నవ్."